బియ్యం బస్తా, ఇద్దరు పిల్లలు, నోర్ నది వంతెన

కిల్కెన్నీని ఇక్కడివాళ్లు సిటీ అంటారు. మొదటి జేమ్స్ రాజు 1609లో చార్టర్ ఇచ్చాడట, అప్పట్నుంచి ఆ హోదా నిలబడిపోయింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో ఉన్నది సుమారు 27 వేల మంది. మా తెనాలి ముందు ఇది ఓ పేట. ఒక చివర నోర్ నది ఒడ్డున కోట, ఇంకో చివర గుట్ట మీద సెయింట్ కానిస్ కెథెడ్రల్, రెంటి మధ్యా పాత రాతి భవనాల వీధి. దానికి మెడీవల్ మైల్ అని పేరు పెట్టి టూరిస్టులకి చూపిస్తారు. డబ్లిన్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు కోట ముందు ఫొటో దిగి, హై స్ట్రీట్‌లో కాఫీ తాగి, గుండ్రటి టవరెక్కి సాయంత్రానికి వెళ్లిపోతారు. చూడటానికి ఒక పూట చాలు.

ఉండటానికి వచ్చినవాళ్ల లెక్క వేరు. ఇక్కడ ఏ పనికి వెళ్లాలన్నా రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు, మహా అయితే ఐదు. ఈ దూరాలు చాలా పేచీకోరు దూరాలు. చేతిలో ఏమీ లేకపోతే నడిచేయొచ్చు. ఒక చేతిలో నాలుగేళ్ల పిల్లాడు, ఇంకో చేతిలో బంగాళాదుంపల సంచీ, పైన వాన ఉంటే రెండు కిలోమీటర్లు కాశీ యాత్ర అవుతుంది. 2019 చివర్లో కేకే-1, కేకే-2 అని రెండు టౌన్ బస్సు రూట్లు మొదలయ్యాయి. మంచివే. కానీ స్కూలుకీ ఉద్యోగానికీ కూరగాయలకీ మూడు మూలలకి తిరిగే మనిషికి అవి సగం దారే తీరుస్తాయి.

మా ఇల్లు కాలన్ రోడ్డు వైపు. పిల్లల బడి ఊరి మధ్యలో. నాకు కిందటేడు ఉద్యోగం వచ్చింది, ఒక నర్సింగ్ హోమ్‌లో అకౌంట్లు చూసే పని. అది నది అవతల, కాసిల్‌కోమర్ రోడ్డు వైపు. మా ఆయన వాటర్‌ఫర్డ్‌లో ఫ్యాక్టరీలో చేస్తారు. పొద్దున ఆరున్నరకి కారు వేసుకుని వెళ్లిపోతే మళ్లీ చీకటి పడ్డాకే రాక. కాబట్టి ఇంట్లో కారుంది గానీ నాకు లేదు. ఈ వాక్యం చదివి మీలో కొంతమంది తలూపుతారని నాకు తెలుసు.

రెండో కారు కొనుక్కోవచ్చు కదా అంటారు. ఇండియా లైసెన్సుని ఐరిష్ లైసెన్సుగా మార్చుకునే ఒప్పందం లేదు. నేనక్కడ నడిపింది స్కూటీ ఒక్కటే. థియరీ టెస్టు, లర్నర్ పర్మిట్, గుర్తింపు ఉన్న టీచరు దగ్గర 12 పాఠాలు, ఆ తర్వాత డ్రైవింగ్ టెస్టు కోసం నెలల తరబడి ఎదురుచూపు. అంతవరకూ ఒక్కదాన్నే నడపకూడదు, పక్కన కనీసం రెండేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లు కూర్చోవాలి. నా పక్కన కూర్చోవాల్సిన మనిషి వాటర్‌ఫర్డ్‌లో ఉంటాడు! కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇన్సూరెన్స్ ఎంత అడుగుతారో కనుక్కుంటే ఆ సంవత్సరపు జీతంలో ఎంత మిగులుతుందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉద్యోగంలో చేరే తేదీ మూడు వారాల దూరంలో ఉంది. చేరాలంటే పిల్లల్ని దింపి నది దాటే ఉపాయం ఒకటి కావాలి. కరెంటు సైకిలు ఆలోచన అలా వచ్చింది.

ముందుగా మామూలు ఎలక్ట్రిక్ సైకిళ్లు చూశాను. హ్యాండిల్ ముందు బుట్ట, వెనక క్యారియర్, అందంగా ఉంటాయి. కానీ ఒక సంగతి చెప్తాను, సైకిలు కొనేవాళ్లందరూ ఇది చూడాలి. వెనక క్యారియర్ కడ్డీ మీద చిన్న అక్షరాలతో ఒక అంకె చెక్కి ఉంటుంది. సాధారణంగా 25 కేజీలు, లేదా 27. అంటే చైల్డ్ సీటూ పిల్లాడూ కూర్చుంటే అక్కడితో సరి. పెద్దదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? బియ్యం ఎక్కడ పెట్టాలి? ఇంకో అంకె కూడా ఉంటుంది, సైకిలు బరువూ మనిషీ సామానూ అన్నీ కలిపి ఎంత మోయొచ్చు అనేది. మామూలు బండ్లకి ఇది 130, 140 కేజీల దగ్గర ఆగిపోతుంది. అమ్మేవాళ్లు మోటారు గురించీ రంగు గురించీ గంట మాట్లాడతారు గానీ ఈ రెండు అంకెల గురించి మనం అడిగితే తప్ప చెప్పరు.

నా లెక్క కాగితం మీద రాసుకున్నాను. నేను 62. పెద్దది 23. చిన్నాడు 16. సీటూ, పిల్లలు పట్టుకునే కడ్డీలూ కలిపి ఒక 6. నెలకోసారి బియ్యం 20. పాలూ నూనే కూరగాయలూ 5. బండి సొంత బరువు 35 అనుకుంటే మొత్తం 167. ఇది రాశాక దుకాణాల్లో సగం బండ్లు నా లిస్టులోంచి వాటంతట అవే వెళ్లిపోయాయి.

మిగిలినవి బరువుల కోసమే కట్టిన బండ్లు. వీటిని కార్గో బైకులంటారు. ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య పెద్ద చెక్కపెట్టె ఉండేవి ఒక రకం. డచ్చివాళ్ల బండి, వాళ్ల భాషలో బాక్‌ఫీట్స్. పిల్లలు కళ్లెదురుగా కూర్చుంటారు, వాన పడితే పైన గూడు వేసేయొచ్చు, బస్తా పెట్టెలో పడేస్తే కట్టక్కర్లేదు. నాకు మనసంతా దానిమీదే ఉండేది. అయితే అది రెండున్నర మీటర్ల పొడవుంటుంది. మా టెర్రస్ ఇంటికి పక్క సందు లేదు, వెనక పెరట్లోకి వెళ్లాలంటే హాల్లోంచే వెళ్లాలి. దాన్ని హాల్లో పెడితే మేం బయట పడుకోవాలి. మూడు చక్రాల రకం ఇంకోటి ఉంది. నిలబెట్టినప్పుడు పడిపోదు, అందుకే చాలామంది భయస్తులు అదే బాగుంటుందనుకుంటారు. మలుపులో మాత్రం సైకిలులా ఒంగదు కాబట్టి కాస్త వేగంగా తిప్పితే ఒక చక్రం లేస్తుంది, పక్కకి వాలుగా ఉన్న రోడ్డు మీద మనల్నీ వాలుస్తుంది. చిన్నప్పుడు రిక్షా తిరగబడటం చూసినవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. మామూలు సైకిలుకి వెనక ట్రైలర్ తగిలించుకోవడం చవకైన దారి. పిల్లలు నేలకి దగ్గరగా, నా వెనకాల, నాకు కనపడకుండా, లారీల పొగ ఎత్తులో ఉంటారన్న ఒక్క ఊహకే నేను ఒప్పుకోలేకపోయాను. సరుకులకైతే ట్రైలర్ బాగానే ఉంటుంది.

చివరి రకం లాంగ్‌టైల్. ముందు నుంచి చూస్తే మామూలు సైకిలే. వెనక క్యారియర్ మాత్రం బల్లలా సాగదీసి ఉంటుంది, ఇద్దరు పిల్లలు ఒకరి వెనక ఒకరు కూర్చోవచ్చు, రెండు పక్కలా పెద్ద సంచులు వేలాడతాయి. చక్రాలు చిన్నవి, 20 అంగుళాలు, అందువల్ల బరువు నేలకి దగ్గరగా ఉంటుంది. టెర్న్ కంపెనీ జీఎస్‌డీ లాంటివి మొత్తం 200 కేజీల వరకూ తట్టుకుంటాయి, పొడవు మాత్రం మామూలు సైకిలంతే. కొన్నిటిని వెనక చక్రం మీద నిటారుగా నిలబెట్టి గోడకి చేర్చేయొచ్చు. హాల్లో మా చెప్పుల స్టాండు పక్కన దానికి చోటుందని టేపు పెట్టి కొలిచాను.

ఇక మోటారు. మా ఆయన ఇంజినీరు కదా, రాత్రుళ్లు కూర్చుని వాట్ల లెక్కలు చెప్పేవారు. నాకు అర్థమైంది మాత్రం వంటింట్లోంచే. మన ఇళ్లలో మిక్సీ 750 వాట్లుంటుంది. టేబుల్ టాప్ గ్రైండర్ 150 వాట్లే. మరి కేజీ మినప్పప్పు గట్టిగా రుబ్బమంటే ఏది రుబ్బుతుంది? మిక్సీ రెండు నిమిషాలకి వేడెక్కి కాలిన వాసన వేస్తుంది. గ్రైండర్ మెల్లగా, మొండిగా, అరగంటైనా తిరుగుతుంది. బరువు లాగాలంటే కావాల్సింది ఆ మొండితనం. దాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. చక్రం మధ్యలో, అంటే హబ్‌లో మోటారు ఉన్న బండి చవక, చదును రోడ్ల మీద హాయిగా పోతుంది. కానీ ఆ మోటారుకి గేర్లు అందవు. బరువుతో మెల్లగా మెట్ట ఎక్కుతున్నప్పుడు అది మన మిక్సీ అవస్థ పడుతుంది. పెడల్స్ దగ్గర మోటారు ఉంటే దాని బలం చైను గుండా, గేర్ల గుండా వెళ్తుంది. మనం చిన్న గేరులోకి మారితే దానికీ సుళువవుతుంది. కార్గో బండ్లకి బాష్ కంపెనీ చేసే మోటారు 85 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. మామూలు హబ్ మోటార్లు చాలావరకూ దాంట్లో సగం చుట్టుపక్కల ఉంటాయి.

కిల్కెన్నీలో ఏం మెట్టలున్నాయి అనొచ్చు. నది ఒడ్డు ఊరు కాబట్టి నడుమ చదునే. అయితే కోటా కెథెడ్రలూ రెండూ ఎత్తు మీదే కట్టారు. నదికి దిగిన ప్రతిసారీ మళ్లీ ఎక్కాలి. 160 కేజీలతో వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే రోడ్డుని గంటకి పది కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే దాదాపు 260 వాట్లు కావాలని మా ఆయన లెక్క కట్టారు. చెమట పట్టకుండా తొక్కే మనిషి వందకి మించి ఇవ్వలేదు. మిగతాది మోటారు ఇవ్వాలి. అంటే చట్టం ఒప్పుకునే 250 వాట్ల మోటారు చాలు, గేర్లు దాని చేతికి అందితే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2024 మే 20 నుంచి ఇక్కడ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మోటారు 250 వాట్లు దాటకుండా, తొక్కుతున్నప్పుడే సాయం చేస్తూ, గంటకి 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆపేస్తే అది సైకిలే. లైసెన్సు, రిజిస్ట్రేషన్, మోటారు ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. తొక్కకుండా స్కూటీలా చేత్తో తిప్పితే పరిగెత్తేవి, 750 వాట్లవి సైకిళ్ల లెక్కలోకి రావు. వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. పాత సైకిలుకి బిగించుకునే కిట్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. ఒంటరిగా ఉద్యోగానికి వెళ్లొచ్చే కుర్రాడికి 250 వాట్ల కిట్టు తప్పు కాదు. పిల్లల్ని కూర్చోబెట్టే బండికి నేను వద్దంటాను. మోటారు కొత్తదే గానీ ఫ్రేమూ బ్రేకులూ ఊచలూ పాత సైకిలువే కదా. కొత్తగా కట్టిన కార్గో బండ్లలోనే ఫ్రేములు విరిగిన సంగతి ఉంది. 2024 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ భద్రతా శాఖ బాబ్బో అనే పేరున్న కంపెనీ బండ్ల అమ్మకం ఆపించింది. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు మోడల్ పేరు కొట్టి రీకాల్ ఉందో లేదో చూసుకోవాలి.

డబ్బు మాటకొస్తే ఇక్కడ బైక్ టు వర్క్ అనే పథకం 2009 నుంచి ఉంది. బండి ఖరీదు ముందు కంపెనీ కడుతుంది, మన జీతంలోంచి పన్ను పడకముందే కొంచెం కొంచెంగా కోసుకుంటారు. మామూలు సైకిలుకి 1,250 యూరోలు, ఎలక్ట్రిక్ దానికి 1,500, కార్గో బండికి 3,000 వరకూ. నాలుగేళ్లకోసారి వాడుకోవచ్చు. సగం ధరకే బండి అని పోస్టర్లు చెప్తాయి. అది పెద్ద జీతాల మీద ఎక్కువ పన్ను కట్టేవాళ్ల లెక్క. నాలాంటి వాళ్లకి మిగిలేది పావు వంతు పైచిలుకు. ఇంకో మాట, బండి ఎవరి జీతంలోంచి కోస్తారో వాళ్లు ముఖ్యంగా ఉద్యోగానికి వెళ్లిరావడానికి వాడాలి. భర్త కంపెనీలో తీసుకుని భార్య బజారుకి వాడుకుందాం అంటే రూలు ఒప్పుకోదు. నాకు సొంత ఉద్యోగం ఉండటం అక్కడ కలిసొచ్చింది. చేరిన మొదటి వారంలోనే హెచ్‌ఆర్ ఆవిడని అడిగాను. బండి వచ్చేదాకా నెలన్నర పాటు పక్కింటావిడ తన కారులో పిల్లల్ని దింపింది, నేను బస్సూ నడకా. ఆ నెలన్నరకి ఆవిడకి ఎన్ని గారెలు పంపినా తక్కువే.

బండి చూడటానికి డబ్లిన్ వెళ్లాం. కారు డిక్కీలో పది కేజీల బియ్యం సంచులు రెండు పెట్టుకుని వెళ్లాను. ఖాళీ బండి ఏదైనా పూలరథంలా పోతుంది, బరువు వేస్తేనే దాని గుణం తెలిసేది. దుకాణం కుర్రాడు సోనా మసూరి సంచుల వంకా నా వంకా చూసి, ఇలా ఎవరూ తేలేదు అన్నాడు. తర్వాత తనే ఉత్సాహంగా స్ట్రాపులు తెచ్చి కట్టాడు. నాలుగు బండ్లు తొక్కాను. ఒకటి బరువు వేయగానే తోక ఊపింది, మలుపులో వెనక సగం వేరే దారిలో వెళ్తానన్నట్టు. ఒకటి స్టాండు వేయడానికి ఒంట్లో బలమంతా కావాల్సొచ్చింది. ఈ స్టాండు సంగతి మగవాళ్లు రాసిన రివ్యూల్లో పెద్దగా కనపడదు. పిల్లలు ఎక్కేదీ దిగేదీ బండి స్టాండు మీద ఉన్నప్పుడే. రెండు కాళ్ల వెడల్పాటి స్టాండు ఉండాలి, 60 కేజీల మనిషి కాలితో నొక్కితే లేచి నిలబడాలి, ఏడేళ్ల పిల్ల ఎగిరి కూర్చున్నా కదలకూడదు. నేను బండి ఎంచుకున్నది సగం మోటారు చూసి, సగం స్టాండు చూసి.

కొన్నది కిందటేడాది మోడల్ లాంగ్‌టైల్, మధ్యలో మోటారు, 500 వాట్-అవర్ల బ్యాటరీ. 4,600 యూరోలు. మూడు వేలు పథకంలో పోగా మిగిలిన 1,600 నా చీటీ డబ్బు. గాజులు చేయించుకుందామని రెండేళ్లు కట్టిన చీటీ అది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మామూలుగా గలగలా మాట్లాడే మనిషి కాసేపు ఊరుకుంది. "ఐర్లాండు దాకా వెళ్లి సైకిలు మీద బియ్యం మోస్తావంటే?" అంది. "మీ నాన్న ఆ సైకిలు దిగడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలియదా?"

తెలుసు. మా నాన్న మిల్లు నుంచి బియ్యం సైకిలు మీదే తెచ్చేవారు. బస్తాని సైకిలు బార్ మీద అడ్డంగా వేసి, పాత ట్యూబు ముక్కలతో బిగించి, ఎండలో కాలవ గట్టు మీద తోసుకుంటూ నడిచేవారు. మన ఊళ్లలో సైకిలు మీద బరువంటే కిరసనాయిలు డబ్బాలు, పాల క్యాన్లు, గ్యాస్ బండ, చీరల మూట. అది లేనివాళ్ల పని. మొదట మోపెడ్, తర్వాత స్కూటరు, ఆపైన కారు, అదీ మెట్ల వరస. నేను ఆ మెట్లన్నీ దిగి కింద నిలబడ్డట్టు అమ్మకి కనపడింది. గాజుల డబ్బుతో అని తెలిసేసరికి ఇంకా బాధ పడింది. ఆవిడ బాధ నేను తీసిపారేయలేను. కానీ కారు వచ్చేదాకా ఇంట్లో కూర్చునే ఆడవాళ్లని ఈ దేశంలో ఎంతమందిని చూశానో ఆవిడ చూడలేదు. ఎమ్మెస్సీలు, బీటెక్‌లు చదివి, శనివారం ఆయనకి తీరికైతే బయట గాలి పీల్చేవాళ్లు. గాజులు మళ్లీ చేయించుకోవచ్చు.

ఇప్పుడు రోజుకి పన్నెండు కిలోమీటర్లు తిరుగుతున్నాను. బరువుతో కిలోమీటరుకి పది, పన్నెండు వాట్-అవర్లు ఖర్చవుతుంది. అంటే ఒక్క చార్జికి నలభై కిలోమీటర్ల పైన. చలికాలంలో ఇంకొంచెం తగ్గుతుంది. వారానికి రెండుసార్లు చార్జి పెడతాను, ఒక్కోసారికి 20 సెంట్ల లోపు కరెంటు. రాత్రి నిద్రపోయేటప్పుడు పెట్టను, మెట్ల కింద బయటికి వెళ్లే దారిలో పెట్టను, కంపెనీ చార్జరు తప్ప వేరేది వాడను. లిథియం బ్యాటరీ మంట పట్టుకుంటే నీళ్లకి లొంగే రకం కాదు.

పొద్దున హై స్ట్రీట్ దగ్గర పెద్దదాన్నీ చిన్నాడినీ దింపి, ఖాళీ బండితో నది దాటతాను. దాటడానికి రెండు దార్లు. 2017లో తెరిచిన సెయింట్ ఫ్రాన్సిస్ వంతెన ఒకటి, గ్రీన్స్ బ్రిడ్జి ఇంకోటి. గ్రీన్స్ బ్రిడ్జి 1763 వరదలో కొట్టుకుపోతే 1766లో మళ్లీ కట్టిన రాతి వంతెన. ఎద్దుబళ్లంత గుర్రపుబళ్ల కాలం నాటిది, ఇరుకు. వెనక కార్లు ఓపికగా ఆగుతాయి. మొదట్లో సిగ్గుపడి అంచుకి జరిగేదాన్ని. ఇప్పుడు దారి మధ్యలోనే పోతాను. అంచుకి జరిగితే ఇరుకులోంచే దాటేద్దామని చూస్తారు, మధ్యలో ఉంటే చూడరు. సాయంత్రం పిల్లలతో వచ్చేటప్పుడు జాన్స్ బ్రిడ్జి మీంచి వస్తాం. అక్కడి నుంచి కోట నీళ్ల మీద నిలబడ్డట్టు కనపడుతుంది. బట్లర్ల వంశం 1391 నుంచి ఆ కోటలో ఉంది. పోషించలేక 1967లో ఊరివాళ్లకి 50 పౌన్లకి ఇచ్చేశారు. నా బండి తాళం అంతకన్నా ఎక్కువ పలికింది.

గురువారం కోట ముందు పరేడ్‌లో రైతు బజారు. తోటకూర దొరకదు గానీ పాలకూరా క్యాబేజీ మట్టితో సహా వస్తాయి. బండికి ఎంత పట్టుద్దో చూద్దామని బంగాళాదుంపలావిడ నాతో పందెం వేసినట్టు సంచి మీద సంచి పెడుతుంది. ఎన్ని తీసుకున్నా బరువు కిందకే పోవాలి, రెండు పక్కలా సమంగా పోవాలి. అందుకే ఇరవై కేజీల బస్తా మానేసి పది కేజీలవి రెండు కొంటాను, ఇటొకటి అటొకటి. వెనక చక్రం ఇరుసుకి వెనగ్గా బరువు పెడితే ముందు చక్రం తేలుతుంది. హ్యాండిల్‌కి సంచి తగిలించడం అసలు వద్దు. సాగే కొక్కేల తాళ్ల కన్నా బిగుసుకునే పట్టీలు మేలు. మా నాన్న ట్యూబు ముక్కలు ఈ రెంటికన్నా మేలు, ఎంతటి గతుకుకీ జారవు. సైకిలు దుకాణంలో పంచరై పారేసిన ట్యూబులు అడిగితే ఊరికే ఇచ్చారు. అడ్డంగా కోసి పెట్టుకున్నాను.

ట్యూబుల మాట వచ్చింది కాబట్టి, గాలి టైరుని జనం వాడుకలోకి తెచ్చింది ఈ ద్వీపమే. జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరిపడుతోందని రబ్బరు గొట్టంలో గాలి నింపి చుట్టాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు. మన నాన్నల సైకిళ్ల మీద చదివిన డన్‌లప్ ఆయనే. బరువు బండికి ఆ గాలే ప్రాణం. రెండు వారాలకోసారి గేజి పెట్టి చూస్తాను. వెడల్పు టైరు, పంచరు ఆపే పొర ఉన్నది వేయించుకుంటే నాలుగు రోజుల సుఖం.

బట్టర్ స్లిప్ అని హై స్ట్రీట్ నుంచి కీరన్ స్ట్రీట్‌కి దిగే సన్నటి సందు ఉంది, 1616 నాటిది. ఒకప్పుడు వెన్న అమ్మేవాళ్లు అక్కడ కూర్చునేవారట. అందులో మెట్లున్నాయి, నా బండి దూరదు. పిల్లలకి ఆ సందంటే ఇష్టం కాబట్టి వాళ్లు అందులోంచి పరిగెత్తుతారు, నేను చుట్టూ తిరిగి రావాలి. ఎవరు ముందొస్తే వాళ్లకి ఐస్‌క్రీము. నేనెప్పుడూ గెలవలేదు. ఈ ఊరి నల్ల సున్నపురాయి పాలిష్ పెడితే పాలరాయిలా మెరుస్తుంది, అందుకే మార్బుల్ సిటీ అని ముద్దుపేరు. చూడముచ్చటగా ఉంటుంది గానీ పాత వీధుల్లో నునుపెక్కిన రాళ్లు వానలో సబ్బుముక్కలే. అలాంటి చోట మలుపులో బ్రేకు నొక్కకూడదు, ముందే నొక్కి మెల్లగా తిరగాలి. బ్రేకులు మాత్రం నూనె పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కులే ఉండాలి, తీగ బ్రేకులు ఈ బరువుకి ఆనవు. ప్యాడ్లు త్వరగానే అరుగుతాయి, చైను కూడా. ఆ ఖర్చు ముందే అనుకుని ఉండండి.

వానకి పిల్లల మీదకి గూడు ఒకటి కొన్నాను. నాకు రెయిన్ ప్యాంటు, షూల మీద తొడుగులు. చున్నీ వేసుకునే రోజున అది బండి ఎక్కే ముందు సంచిలోకి పోతుంది. మన దగ్గర మోటారు సైకిళ్లకి చీర గార్డు ఉంటుందే, దానికి బదులు ఇక్కడ వెనక చక్రం పక్కన ప్లాస్టిక్ పలక పెట్టించుకోవాలి. చున్నీ కోసం కాకపోయినా చిన్నాడి కాళ్ల కోసమైనా. హెల్మెట్టు ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాదు. మా ఇంట్లో తప్పనిసరి.

ఆదివారాలు ఎండ కాస్తే కెనాల్ వాక్ దాకా వెళ్తాం. నోర్ పక్కన పడవల కోసం 18వ శతాబ్దంలో కాలవ తవ్వడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఇప్పుడది నడిచే దారి. కాలవల ఊరి పిల్లని కదా, నాకు అక్కడికి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. బండి కట్టేసి పులిహోర డబ్బా విప్పుతాం. ఒకసారి ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, మా అమ్మ ఇలాగే సైకిలు మీద పాల క్యాన్లు తెచ్చేది, మోటారు ఒక్కటే లేదు అన్నాడు. అమ్మకి ఆ మాట ఫోన్‌లో చెప్పాను. "వాళ్లకీ ఉండేవా ఆ రోజులు?" అంది.

జూన్‌లో అమ్మ వస్తోంది, వీసా వచ్చింది. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. నా బండి వెనక క్యారియర్ మోసేది వంద కేజీలు, పెద్దవాళ్లు కూర్చోవచ్చని పుస్తకంలో రాసి ఉంది. అమ్మ 61. పిల్లల కడ్డీలు తీసేసి మెత్తటి సీటూ, పాదాలకి పలకలూ బిగిస్తే సరిపోతుంది. ఇంకా ఆవిడకి చెప్పలేదు. పలకలు మాత్రం ఆర్డరు పెట్టాను.